ఏ పుస్తకము ఏ పొలమునకు?

కృష్ణానదికి దక్షిణమున గుంటూరు మొదలుకొని ఒంగోలు దాటువరకు వ్యాపించిన మైదానములో నల్లరేగడి నేల విస్తారముగా నున్నది. వేసవిలో ఆ నేల నెర్రెలు విచ్చును. తొలకరి పడగానే కాళ్లకు అంటుకొని బాటసారిని అడుగు తీయనీయదు. ఈ నేలలో పత్తియు మిరపయు పండించు కుటుంబములు పెక్కింటికి ఏటికి ఒక్క పంటయే ఆధారము. విత్తనమునకు, ఎరువునకు, మందునకు, కూలికి తెచ్చిన అప్పు ఆ పంటమీదనే తీరవలెను. పిల్లవాని చదువునకును, ఆడపిల్ల పెండ్లికిని ఆ పంటయే దిక్కు.

అట్టి ఊరి గ్రంథాలయమునకు పుస్తకములు కొనవలసి వచ్చినపుడు ఒక చిక్కు ఎదురగును. కథల పుస్తకము బాగుండనిచో చదివినవానికి ఒక సాయంకాలము వృథా యగును. మిరపసాగును గూర్చిన పుస్తకము బాగుండనిచో దానిని నమ్మినవానికి ఒక సంవత్సరము వృథా యగును. అయినను ఆ రెండు పుస్తకములును ఒకే అరలో ప్రక్కప్రక్కన నిలిచియుండును. వాని అట్టలను చూచి ఏది ఎట్టిదో చెప్పుట ఎవరి తరమును కాదు.

వ్యవసాయము, వైద్యము, న్యాయము, యంత్రములు, పశుపోషణము, జమాఖర్చులు మొదలగు ప్రత్యేక విషయములను గూర్చిన గ్రంథములను కొనువారు సాధారణముగా మూడు గుర్తులను చూతురు. గ్రంథకర్త పేరు ప్రక్కన బిరుదు లెన్ని యున్నవి? పుస్తక మెంత లావుగా నున్నది? ముందుమాట వ్రాసిన పెద్ద లెవరు? ఈ మూడును పుస్తకము గౌరవమును తెలుపునేమో గాని ఉపయోగమును తెలుపవు. ముందుమాటలలో పొగడ్త లేని పుస్తకము అరుదు. కావున పొగడ్తను బట్టి తీర్పు చెప్పువాడు ఏ పుస్తకమును విడిచిపెట్టలేడు.

ఉపయోగ మన నేమో తెలియుటకు ఒక మిరప ఆకును చేతిలోనికి తీసికొన్న చాలును. మిరపచెట్టు ఆకు ముడుచుకొనుట ఈ ప్రాంతపు రైతు ఏటేట చూచు సంగతియే. అంచులు పైకి ముడిచి ఆకు దోనెవలె కనబడినచో అది తామర పురుగు పని. అంచులు క్రిందికి ముడిచి ఆకు బోర్లించిన దోనెవలె కనబడి, కాడ సాగినచో అది నల్లి పని. రైతులు వీనిని పైముడత, క్రిందిముడత అందురు. చెట్టు గిడసబారి, ఆకులు చిన్నవై పసుపు తిరిగినచో అది తెల్లదోమ మోసికొని వచ్చిన వైరసు కావచ్చును. చూపునకు ఈ మూడును ముడతలే. కాని తామర పురుగునకు ఆరు కాళ్లు; నల్లికి ఎనిమిది కాళ్లు; అది సాలెపురుగుల కులమునకు చెందినది. పురుగును చంపు మందులలో పెక్కు నల్లిని చంపవు. వైరసు సోకిన చెట్టును బాగుచేయు మందు ఏదియు లేదు. దానిని పెరికివేసి, తెల్లదోమ తక్కిన చెట్లకు ప్రాకకుండ చూడవలసినదే.

ఇప్పుడు ఒక రైతు ముందు మూడు పుస్తకము లున్నవని తలంపవచ్చును. మొదటిది, ఆకుముడతకు ఫలాని మందును ఇంత నీటిలో కలిపి చల్లవలెనని ఒక్క వాక్యములో చెప్పి ముగించినది. రెండవది, తామర పురుగు రెక్కల అంచున గల వెండ్రుకలను గూర్చియు, దాని లాటిను నామమును గూర్చియు నలువది పుటలు వ్రాసినది. మూడవది చిన్నది, కాగితము మొరటుది. కాని అందొక పుటలో పైకి ముడిచిన ఆకును, క్రిందికి ముడిచిన ఆకును ప్రక్కప్రక్కన గీచి, రెంటికిని భేదమును నాలుగు పంక్తులలో చెప్పియున్నారు. మొదటి పుస్తకము రైతునకు సుళువుగా తోచును; నల్లి పట్టిన చేనిలో పురుగుమందు చల్లించి డబ్బు పోగొట్టించునదియు అదియే. రెండవ పుస్తకములో తప్పు లేదు. అది పురుగుల శాస్త్రమును చదువు విద్యార్థికి వ్రాసినది. వానికి అదియే మేలైనది. మూడవ పుస్తకము ఆ ఉదయము పొలములో నిలిచి యున్నవానికి వ్రాసినది. కాబట్టి ఫలాని పుస్తకము మంచిదా చెడ్డదా యని అడుగుటకు ముందు, ఎవరికి, ఏ పనికి అని అడుగక తప్పదు. ఈ ప్రశ్న వేయకుండ పుస్తకములకు మార్కు లిచ్చువారు నలువది పుటల గ్రంథమునకు మొదటి బహుమాన మిచ్చి, నాలుగు పంక్తుల గ్రంథమును అటకమీద పెట్టింతురు.

పుస్తకము పేరు సైతము నమ్మదగిన సాక్షి కాదు. గుంటూరు ప్రాంతమును పీడించిన 1832-33 నాటి నందన కరవును గూర్చి తెలిసికొనగోరు విద్యార్థి గుంటూరు అను పేరు గల పుస్తకమునే వెదకుచు కూర్చున్నచో ఎంతో సామగ్రిని పోగొట్టుకొనును. ఏలయన, 1859లో గుంటూరును మచిలీపట్నముతో కలిపి కృష్ణా జిల్లాగా చేసిరి. 1904లో గాని గుంటూరు మరల వేరు జిల్లా కాలేదు. ఆ నడిమి కాలమున, 1883లో, గోర్డన్ మెకంజీ ప్రకటించిన జిల్లా గ్రంథము పేరు కృష్ణా జిల్లా మాన్యుయలు. గుంటూరు సంగతులు అందే యున్నవి. ఒంగోలు పాతసంగతులకై వెదకువాడు నెల్లూరు జిల్లా గ్రంథమును తెరువవలెను. 1904కు పూర్వము ఒంగోలు నెల్లూరులోనిది, ఆ తరువాత గుంటూరులోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడెను. 1972లో దానికి ప్రకాశము పేరు పెట్టిరి. 2022లో బాపట్ల, పల్నాడు జిల్లాలు కూడ వేరుపడినవి. గీతలు మారిన కొలదియు పుస్తకముల పేర్లు పాతవైపోవును. లోపలి నేల మాత్రము అక్కడనే యుండును. వెదకువానికి ఈ మాత్రపు చరిత్ర తెలియనిచో మంచి పుస్తకము అరలోనే యుండియు అక్కరకు రాదు.

పేరు తరువాత మోసము చేయునవి కొలతలు. ఒక పాత పుస్తకములో ఎకరమునకు పది మణుగుల ఎరువు వేయుమని యున్న దనుకొన్నచో, ఆ మణుగు ఏ దేశపు మణుగు? చెన్నపట్నపు మణుగు ఇరువదియైదు పౌనులు, అనగా సుమారు 11 కిలోలు. బంగాళమునను రైలు కొట్లలోను వాడిన మణుగు ఎనుబదిరెండు పౌనులకు పైబడినది, అనగా 37 కిలోలకు పై మాట. బంగాళమున వ్రాసిన గ్రంథమును మక్కికి మక్కి తెలుగు చేసి మణుగును మణుగుగానే ఉంచినచో, గుంటూరు రైతు చెప్పినదానిలో మూడవవంతు కంటెను తక్కువ ఎరువు వేసి, శాస్త్రము అబద్ధమని నిందించును. శాస్త్రము అబద్ధము కాదు, రైతు తెలివితక్కువవాడును కాడు. ఆ తప్పు అనువాదకునిది. మెట్రిక్ కొలతలు వచ్చిన పిమ్మట ఈ బాధ చాలవరకు తగ్గినది గాని, పాత పుస్తకమును తీయునపుడెల్ల మొదట చూడవలసిన దిదియే.

ఇక అన్నిటికంటె పెద్ద సంగతి కాలము. పుస్తకము అచ్చయిన దినమున నిలిచిపోవును, పొలము నిలువదు. నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు వదలిరి. అంతకు ముందు వర్షాధారపు సేద్యమును గూర్చి వ్రాసిన పుస్తకము ఎంత శ్రద్ధగా వ్రాసినదైనను, కాలువ క్రిందికి వచ్చిన చేనికి సరిగా అతుకదు. నేల అదియే, నీరు మారినది. కాలువ అందని మెట్టపొలమునకు మాత్రము ఆ పాత పుస్తకము నేటికిని మాట చెప్పగలదు. ఒకే ఊరిలో గట్టున కిటుప్రక్క పనికివచ్చిన గ్రంథము అటుప్రక్క పనికిరాకపోవచ్చును.

విత్తనము సంగతియు నిట్టిదే. బాగుగా విచ్చిన కాయలను ఏరి, వాని గింజలను మరుసటి ఏటికి దాచుకొనుమని పాత పత్తిపుస్తకములు చెప్పెను. ఆ మాట దేశవాళీ పత్తికి ముమ్మాటికి నిజము. కాని 1970లో సూరతునందు హెచ్-4 అను సంకరపు పత్తియు, 1972లో ధార్వాడనందు వరలక్ష్మి యను సంకరపు పత్తియు వెలువడినవి. సంకరపు విత్తనము తన మొదటి పంటలో చూపిన గుణమును రెండవ పంటలో నిలుపుకొనదు. పిల్లలు తల్లిదండ్రుల వలె గాక నానావిధములుగా మొలచును. పాత పుస్తకమును నమ్మి సంకరపు పత్తి గింజను దాచుకొన్నవానికి ఆ పుస్తకము చేసిన అపకారము, దానిని వ్రాసినవాడు కలలోనైన తలంపనిది.

ఈ మైదానమును కుదిపివేసిన నిదర్శనము వేరొకటి కలదు. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిథ్రాయిడ్లు అను పురుగుమందులు మనదేశపు పత్తిచేలకు వచ్చెను. మొదటి సంవత్సరములలో అవి కాయతొలుచు శనగపచ్చ పురుగును చక్కగా అణచినవి. ఆ కాలమున వానిని మెచ్చుకొనుచు వ్రాసిన పుస్తకము అబద్ధ మాడినట్లు కాదు. కాని మరల మరల చల్లిన కొలదియు పురుగులను తిను మేలు పురుగులు నశించెను, తెల్లదోమ పెచ్చుపెరిగెను, శనగపచ్చ పురుగు ఆ మందునకు అలవాటుపడెను. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తిచేలలో రైతులు ఎన్ని మారులు చల్లినను పురుగు చావలేదు. చేలు చేలే పోయినవి. అప్పుల పాలై కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ దినములలో ఊరి గ్రంథాలయముల అరలలో నున్న పుస్తకములలో ఏ అక్షరమును మారలేదు. మందు పేరును, మోతాదును, చల్లవలసిన వేళయు మునుపటివలెనే యున్నవి. మారినది పురుగు.

అయినచో అట్టి పుస్తకమును వ్రాసినవాడు ఏమి చేయగలడు? ముందు రానున్నదానిని ఎవరును చెప్పలేరు గదా యని అడుగువారు కలరు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని ఒక పని చేయవచ్చును. ఒకే జాతి మందును విడువక వాడినచో పురుగు దానికి అలవాటుపడునను సంగతి 1980కి చాల పూర్వమే లోకమునకు తెలిసినది. డీడీటీ విషయమున ఈగలు, దోమలు ఆ పాఠమును నేర్పియే యున్నవి. ఈ ఒక్క హెచ్చరికను చేర్చి, మందు పనిచేయుట మానినట్లు ఏ గుర్తువలన తెలియునో చెప్పిన గ్రంథమునకును, మందు మహిమను మాత్రమే చాటిన గ్రంథమునకును ఎంతో అంతర మున్నది. తాను ఎచ్చట పనికిరాదో చెప్పగల పుస్తకము పదికాలములు నిలుచును. ఆ మాట చెప్పని పుస్తకము ప్రకటన కాగితమునకు దగ్గరి చుట్టము.

ఇదే కథ మరల 2021లో మిరపకు వచ్చెను. ఆగ్నేయాసియా ప్రాంతపుదైన నల్ల తామర పురుగు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను మిరపచేలపై విరుచుకుపడెను. పాత తామర పురుగు లేత ఆకులను పట్టునది. ఈ క్రొత్తది పూవులలో గుంపులుగా చేరి పూతను రాల్చివేయునది. దిక్కుతోచక చేనిని దున్నివేసిన రైతులును కలరు. పైముడత, క్రిందిముడత బొమ్మలు గీచిన ఆ మంచి చిన్నపుస్తకము, అంతవరకు ఎవరికంటెను నమ్మకముగా సేవ చేసినది, ఈసారి రైతు కంటిని పూవుమీదికి త్రిప్పలేకపోవును. మంచి పుస్తకము మోసము చేసినప్పుడు కలుగు నష్టము, చెడ్డ పుస్తకమువలన కలుగు నష్టముకంటె పెద్దది. ఏలయన దానిని ఎవరును శంకింపరు.

అన్ని పుస్తకములును ఒకే వేగమున ముదియవు. నేల స్వభావమును, మేఘముల నడకను, ఎద్దు ఎముకల అమరికను గూర్చిన పుస్తకము యాబదేండ్లకును పెద్దగా చెడదు. పురుగుమందుల పుస్తకము ఐదారేండ్లలో సందేహాస్పద మగును. న్యాయగ్రంథము అంతకంటెను అల్పాయువు. 2020 సెప్టెంబరులో వచ్చిన మూడు వ్యవసాయ చట్టములను వివరించుచు అచ్చువేసిన పుస్తకము, 2021 నవంబరులో పార్లమెంటు ఆ చట్టములను రద్దు చేయగానే చరిత్రగ్రంథముగా మారిపోయెను. గృహవైద్యపు పుస్తకముల విషయమున ఈ విచారణ మరింత అవసరము. పాము కరచినచోట కత్తితో కోసి నెత్తురు పీల్చుమనియు, పైన తాడుతో బిగించి కట్టుమనియు చెప్పు పాత పుస్తకములు ఇంకను అరలలో నున్నవి. అట్లు చేయుట హానియని నేటి వైద్యము నిర్ణయించినది. కదలకుండ పడుకొనబెట్టి, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము. రాత్రివేళ మిరపకల్లములో కాపలా పండుకొను వారున్న ఊళ్లలో అట్టి పుస్తకమును హెచ్చరిక లేకుండ అరలో నుంచుట పొరపాటు కాదు, అపరాధము.

ఈ మాటలు విని, పాత పుస్తకము లన్నిటిని తీసి తూకమునకు అమ్మివేయవలెనని ఎవరైన అనుకొన్నచో అది ఇంకను పెద్ద తప్పు. చీరాల చెంత వేటపాలెములో 1918లో స్థాపించిన సారస్వత నికేతన గ్రంథాలయము కలదు. 1929లో గాంధీ మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. అందలి పాత పత్రికలను, పాత గ్రంథములను చూచుటకు దూరదేశములనుండి పరిశోధకులు వచ్చుచుందురు. నూరేండ్ల నాటి పత్రికలో పత్తిధరను చూచి నేటి వ్యాపారి బేరమాడలేడు. కాని ఈ మైదానములో పత్తి ఎప్పుడు హెచ్చినదో, ఎప్పుడు తగ్గినదో తెలిసికొనగోరువానికి ఆ చిరిగిన పుటకు సాటి వేరొకటి లేదు. అట్లే 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావు మొదలగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, అర్థశాస్త్రము, చరిత్ర మున్నగు విషయములపై తెలుగు గ్రంథములను ప్రకటించెను. ఆ రసాయనశాస్త్రమును చదివి నేటి విద్యార్థి పరీక్ష వ్రాయరాదు. తెలుగున లేని మాటలను తెలుగున ఎట్లు కూర్చిరో చూడగోరిన విద్యార్థికి మాత్రము అది గని. ప్రశ్న మారగానే పుస్తకపు విలువయు మారినది. పొలమునకు ముదిసిన పుస్తకము చరిత్రకు పడుచుదనముతో నుండవచ్చును. దానిని పారవేయ నక్కరలేదు. ఒక అరనుండి తీసి వేరొక అరలో పెట్టిన చాలును.

తెలియని విషయమును గూర్చిన పుస్తకము నిజమైనదో కాదో తెలియనివాడు ఎట్లు కనిపెట్టును? ఇందుకు ఒక తేలికయైన ఉపాయ మున్నది. ఎంత క్రొత్త విషయమైనను, ఆ పుస్తకములో చదువరికి ముందే తెలిసిన సంగతి ఒకటైన ఉండకపోదు. ఆ పుటను మొదట తెరచి చూడవలెను. మిరప మనదేశపు పంట కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి ద్వారా పదునారవ శతాబ్దమున వచ్చినది. అంతకుముందు మన వంటలలో కారమునకు మిరియములే వాడిరి. శాతవాహనుల వంటశాలలో మిరపకాయల తాళింపు ఘుమఘుమలాడినదని వర్ణించు గ్రంథము ధాన్యకటకమును గూర్చి ఎంత గంభీరముగా చెప్పినను, తక్కిన పుటలను అనుమానముతోనే చదువవలెను. ఒక్క తప్పు దొరికినంతమాత్రమున పుస్తకమును విసరివేయుమని కాదు. తప్పు ఎట్టి జాతిదో చూడవలెను. అచ్చుతప్పు వేరు, తెలిసికొనుటకు ప్రయత్నమే చేయకపోవుట వేరు.

ఆ తరువాత చూడవలసినది, ఈ సంగతి నీకు ఎట్లు తెలిసినదని అడిగినచో పుస్తకము బదులు చెప్పునా అనుట. ఫలాని నేలలో, ఫలాని సంవత్సరములలో, ఇన్ని మళ్లలో వేసి చూచితిమని చెప్పిన పుస్తకమునకు బలము కలదు. గుంటూరు ప్రక్కనున్న లాంలోని పరిశోధన క్షేత్రములో ఒక వంగడమును విడుదల చేయుటకు పూర్వము ఏండ్ల తరబడి ప్రక్కప్రక్క మళ్లలో వేసి పోల్చి చూతురు. అట్టి పరీక్షను పేర్కొనక, రైతులందరును మెచ్చిరి అని మాత్రమే వ్రాసిన పుస్తకమును రైతులందరు ఎవరని అడుగవచ్చును. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము ప్రతి ఏటను వ్యవసాయ పంచాంగమును ప్రకటించును. ఆ గ్రంథము పేరులోనే ఒక వినయ మున్నది: పంచాంగము ఏడాదికే. నిరుటి పంచాంగమును చూచి ఈ ఏడు ముహూర్తము పెట్టువాడు లేడు గదా! పురుగుమందుల పుస్తకము లన్నియు తమ అట్టపై ఇట్టి వినయమును చూపినచో ఎంత మేలు!

భాషను గూర్చియు ఒక మాట చెప్పవలెను. వృత్తిగ్రంథములను తెలుగున వ్రాయువారిలో కొందరు ఏ చిలకలూరిపేట రైతును ఎన్నడును నోట పలుకని సంస్కృత సమాసములను కూర్చి, అదియే శాస్త్రమర్యాద యనుకొందురు. తాలుకాయ అన్నచో మిరపకొట్టులో అందరికి తెలియును. రంగు పోయి తెల్లబడిన కాయ. దానికి వేరొక పెద్దపేరు పెట్టిన పుస్తకము చదువరికి తెలిసినదానిని తెలియనిదానిగా చేసినది. అట్లని ఊరిమాటయే ఎప్పుడును చాలునని చెప్పరాదు. ఊరిలో ముడత అను ఒక్క మాట మూడు వ్యాధులను కప్పిపెట్టుటను పైన చూచితిమి. ఊరిమాటతో మొదలుపెట్టి, అది చాలనిచోట శాస్త్రపు మాటను చేయి పట్టి తెచ్చువాడే మంచి గ్రంథకర్త. ఎండుమిరపలో తేమ నూటికి పది, పదకొండు పాళ్లు మించరాదని వ్రాసి ఊరకున్నచో తేమను కొలుచు సాధనము లేని రైతు ఏమి చేయును? పరదాపై పరచిన కాయను తీసి ఊపినప్పుడు గింజ గలగల మనవలెనని కూడ ఒక పంక్తి చేర్చినచో ఆ అంకె కల్లములోనికి దిగివచ్చును. బ్యాడగి మిరపను గూర్చి కన్నడదేశమున వ్రాసిన గ్రంథము రంగును గూర్చి ఎక్కువ చెప్పును. అది రంగునకు పేరుపడిన కాయ. గుంటూరు సన్నమునకు కారమే ప్రాణము. ఆ గ్రంథమును ఇచ్చట చదువువాడు ఈ భేదమును మరచినచో తన కాయకు లేని గుణమునకై శ్రమపడును.

ఇంతకును తీర్పు చెప్పవలసిన వా రెవరు? పండితులే యని కొందరందురు; చదువుకొనువారే యని కొందరందురు. పుస్తకములో చెప్పినది నిజమా కాదా యనుట ఆ శాస్త్రము నెరిగినవాడు చెప్పగలడు. అది పనికివచ్చినదా యనుట దానిని చేతబట్టి పని చేసినవాడే చెప్పగలడు. మన గ్రంథాలయములు ఈ రెండవ సాక్షిని ఇంతవరకు పిలిచినట్లు కనబడదు. 1935లో కొల్లిపర నుండి పెదవడ్లపూడి వరకు కాలువమీద పడవలో పుస్తకములను చేర్చి రేవురేవున చదువరులకు అందించిన చరిత్ర ఈ గుంటూరు సీమకు కలదు. పుస్తకమును చదువరి యొద్దకు కొనిపోవుటలో ఇంత శ్రద్ధ చూపిన సీమలో, చదువరి మాటను పుస్తకము నొద్దకు తెచ్చుటయు అసాధ్యము కాదు.

పుస్తకములలో గీతలు గీయుట, ప్రక్కన వ్రాయుట తప్పని గ్రంథాలయములలో బోర్డులు వ్రేలాడుచుండును. ఆ నియమము మంచిదే. కథల పుస్తకములో హంతకుని పేరును మొదటి పుటలోనే వ్రాసిపెట్టు మహానుభావు లున్నంతకాలము దానిని సడలింపరాదు. కాని వృత్తిగ్రంథముల వెనుక అట్టలోపల ఒక తెల్లకాగితమును అంటింపవచ్చును. ఫలాని ఏట, ఫలాని ఊరి నేలలో, కాలువ క్రిందనో మెట్టననో, ఫలాని పుటలో చెప్పినది చేసి చూచితిని. ఇట్లయినది అని వ్రాయుటకు అందు చోటుండవలెను. పేరు వ్రాయ నక్కరలేదు. లాం నుండియో, వేరొక చోటినుండియో వచ్చిన శాస్త్రజ్ఞుడు ఎప్పుడైన ఆ కాగితమును చూచి తన మాటను క్రింద చేర్చవచ్చును. అట్టి కాగిత మొకటి ఆ చిన్నపుస్తకము వెనుక 2021 శీతకాలమున ఉండియున్నచో, ముడతల బొమ్మల పుట కెదురుగా ఎవరో ఒకరు, ఆకును మాత్రమే చూడకుము, పూవును విప్పి చూడుము అని వ్రాసియుందురు. ఆ పుస్తకమును తరువాత తీసికొనిపోయినవాడు మరునాటి ఉదయమే చేనికి పోయి పూవును విప్పి చూచియుండును.

ఈ పద్ధతికి ఒక చిక్కు లేకపోలేదు. రైతునకు చెప్పవలసిన మాట అధికముగా నుండునది మిరపకోతల వేళ. అప్పుడే వానికి కలము పట్టుటకు తీరిక యుండదు. పుస్తకమును తిరిగి ఇచ్చుటకు వచ్చువాడు సామాన్యముగా ఇంటిలోని పిల్లవాడు. ఎనిమిదవ తరగతి చదువు పిల్లవానికి నాలుగు పంక్తులు వ్రాయుట వచ్చును. నాన్న ఏమి చేసెను, ఏమైనది అని అడిగి తెలిసికొని వచ్చి, గ్రంథపాలకుని బల్లయొద్ద నిలిచి, ఆ కాగితముమీద ఏటి సంఖ్యతో మొదలుపెట్టి వ్రాయుటకు పది నిమిషములు చాలును.